మోచేతి మొన

మా ఇంట్లో కూర ఉడికే గిన్నె వేరు, ఎముకలు ఉడికే కుండ వేరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి ముందే చెప్పుకోవాల్సిన ఖర్మ నాది. తెనాలిలో నేను అద్దెకున్న రెండు గదుల వెనక చిన్న పెరడు ఉండేది. అక్కడ మూడు రాళ్ళ పొయ్యి మీద చచ్చిపోయిన కుక్క కాళ్ళో, ముంగిస కాళ్ళో బట్టల సోడా వేసి ఉడకబెట్టేదాన్ని. కండ ఊడి ఎముక తెల్లగా తేలేదాకా పక్కనే కూర్చోవాలి. ఇంటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏంటమ్మాయ్ ఆ వాసన? ఎవరికైనా ఏమైనా చేయిస్తున్నావా ఏంటి కొంపదీసి?" అని అడిగింది ఒకసారి. చేతబడి అనుకుంది మహాతల్లి. "కాదండి, చదువు కోసమండి," అన్నాను. "ఎముకలతో చదువేంటమ్మా, పుస్తకాలు లేవా?" అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ గదులు ఖాళీ చెయ్యమంటుందేమోనని నోరు మూసుకున్నాను. ఆ ఏళ్ళలో నేను నోరు మూసుకున్నదంతా భయంతోనే.

అది ఎనభైల చివర. తెనాలిలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఉద్యోగం పర్మనెంటు కాదు. "డాక్టరేట్ వస్తే ఉంటావమ్మా, రాకపోతే మేం వేరేవాళ్ళని చూసుకుంటాం," అని యాజమాన్యం మొహం మీదే చెప్పేసింది. మార్చి నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే యూనివర్సిటీలో నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. రిజిస్ట్రేషన్ పోతే ఉద్యోగం ఊడుతుంది. నాకు కలలో కూడా మార్చి నెలే వచ్చేది.

రేపల్లెలో మా అమ్మ స్కూలు టీచరు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర అందరూ ఆవిణ్ణి చుట్టుముట్టి, "మీ అమ్మాయి డాక్టరెప్పుడవుతుంది టీచరుగారూ, నా మోకాళ్ళ నొప్పులు చూపించుకోవాలి," అనేవాళ్ళు. ఆ డాక్టరు వేరు, ఈ డాక్టరు వేరని చెప్పీ చెప్పీ అమ్మ విసిగిపోయింది. చివరికి, "అయిపోతుందండి త్వరలోనే, దేవుడి దయ," అనడం మొదలుపెట్టింది. ఇక నాకు తప్పించుకునే దారే లేకుండా పోయింది.

నా పరిశోధన ఏమిటో చెప్పాలంటే ఎదుటివాళ్ళ మోచెయ్యి అడిగేదాన్ని. మీరూ మోచెయ్యి మడిచి కొసన తడిమి చూసుకోండి. గట్టి మొన ఒకటి తగులుతుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి కదా, వాటిలో చిటికెనవేలి వైపు ఉన్నదాని పైకొస అది. చెయ్యి చాపే కండ అక్కడే అంటుకుంటుంది. నాలుగుకాళ్ళ జంతువులకైతే అది ముంగాలిలో ఉంటుంది. వేటాడే జంతువుకి ఆ మొన పొడుగ్గా ఉంటే బలం ఎక్కువ, విసురు తక్కువ. అలాంటిది పొంచి ఉండి, మీదపడి, పట్టుకుని పెనుగులాడుతుంది. మొన పొట్టిగా ఉంటే బలం తక్కువ, విసురు ఎక్కువ. అది తరిమి తరిమి పట్టే రకం. గడ్డపార ఎంత పొడుగుంటే రాయి అంత సులువుగా లేస్తుంది, కానీ చెయ్యి అంత ఎక్కువ దూరం కదపాలి. ఈ మాత్రం లెక్కే. వంశమే లేకుండా పోయిన జంతువు ఎముక ఒక్కటి దొరికినా, ఇలాంటి లెక్కలతో అది ఎలా నడిచిందో చెప్పొచ్చు. "చచ్చినదాని నడక ఎవరిక్కావాలే?" అనేది అమ్మ. నాకు కావాలి. ఉద్యోగం దాని మీదే ఉంది మరి.

మా గైడు బాపట్లలో ఉండేవారు. రిటైరయ్యారు, కానీ అప్పటికే మొదలుపెట్టిన మమ్మల్ని పూర్తి చేయించడానికి యూనివర్సిటీ ఒప్పుకుంది. సార్ కుర్రవాడిగా ఉన్నప్పుడు హిమాలయాల దిగువ కొండల్లోకి ఒక బృందంతో వెళ్ళారట. అక్కడ వాగు గట్టులో ఒక ముంజేతి ఎముక పైసగం దొరికింది. ఏ జంతువుదో తేలడానికి చాలాకాలం పట్టింది. పిల్లీ కాదు, కుక్కా కాదు, ఆ రెంటికీ దూరపు చుట్టం, ఎప్పుడో అంతరించిపోయిన వేటజంతువు. అసలు ఎముక ఉత్తరాదిన ఒక మ్యూజియంలో తాళం వేసి ఉంది. దాని అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ పోత సార్ దగ్గర ఉండేది, పసుపచ్చటి వార్నిషు పూసి; కొలతల కోసం దాన్ని నాకిచ్చారు. మోచేతి మొన పొట్టిగా ఉంది కాబట్టి ఇది మైదానాల్లో తరిమి వేటాడిన జంతువని సార్ ఒక పేపరు రాశారు. ఆయన జీవితంలో ఆయన సొంతంగా కనిపెట్టింది అదొక్కటే. పై దేశాల పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట ఆ పేపరు గురించి ఒక్క వాక్యం వస్తే, పిన్నిగారితో సహా ఇంటికొచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించేవారు. సార్ భార్యని మేమంతా పిన్నిగారనే పిలిచేవాళ్ళం.

నా పని, బతికున్న జాతుల ఎముకలు పోగుచేసి, కొలిచి, సార్ జంతువుతో పోల్చడం. పశువుల ఆసుపత్రిలో కుక్కలూ పిల్లులూ దొరికేవి. రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే రోడ్డు మీద లారీ కిందపడ్డ నక్కలు దొరికేవి. మడ అడవుల వైపు బావురుపిల్లులుండేవి, చేపలు పట్టుకు తింటాయి. వాటిలో ఒకటి చచ్చి దొరికిందని తెలిస్తే నాకు పండగే. ఒకసారి గోనెసంచిలో చుట్టి బస్సెక్కించాను. కండక్టరు ముక్కు మూసుకుని, "ఎండుచేపలాండీ?" అన్నాడు. "అవునండి," అన్నాను. నిజాంపట్నం బస్సులో అదొక సుఖం, ఎవరూ రెండో మాట అడగరు. కానీ దిగేదాకా నా ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి.

సార్ నేర్పిన మొదటి నియమం ఒకటుంది. పిల్ల జంతువుల ఎముకలు కొలవకూడదు. ఎదిగే వయసులో ఎముక కొసలు విడి ముక్కలుగా ఉంటాయి. మధ్యలో మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది. ఎదుగుదల ఆగాకే అవి అతుక్కుపోయి ఒక్కటవుతాయి. అందుకని పిల్ల జంతువుని ఉడకబెడితే ఆ పొర కరిగి, కొసలు టోపీల్లా ఊడి కుండలో తేలతాయి. ఇక కొలత తప్పే. "ఊడినవి చూశావంటే చాలు, తీసి అవతల పారెయ్," అనేవారు సార్. ఈ పని చేసేవాళ్ళందరిదీ అదే పద్ధతి. నేనూ అలాగే కుక్కపిల్లలవీ, పిల్లికూనలవీ పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టేదాన్ని.

కొలతలన్నీ అయ్యాక ఒక చిక్కొచ్చింది. సార్ జంతువు మోచేతి కీలు గాడి వెడల్పుగా ఉంది, బావురుపిల్లిలాగా. అంటే పంజా తిప్పి పట్టుకోగల జంతువు. మొన మాత్రం పరిగెత్తే కుక్కకన్నా పొట్టి. ఒకే ఎముకలో సగం ఒకటి చెబుతోంది, సగం ఇంకోటి చెబుతోంది. సార్‌ని అడిగితే, "ప్రకృతి మన లెక్క ప్రకారం నడవాలని ఎక్కడుందమ్మా?" అన్నారు. సరేనని, ఇది రెండు లక్షణాలూ ఉన్న విచిత్రమైన జంతువని నాలుగో అధ్యాయంలో రాసేశాను. రాశానన్నమాటే గాని మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. రాత్రిళ్ళు లేచి కూర్చునేదాన్ని.

ఫిబ్రవరిలో టైపు పూర్తయింది. సార్ సంతకం పెడితే బైండింగుకి ఇవ్వడమే. కాస్త ఊపిరి పీల్చుకుందామని శనివారం ప్యాసింజరు బండెక్కి రేపల్లె వెళ్ళాను.

మర్నాడు అమ్మ చర్చికి వెళ్ళకముందే వేటమాంసం తెప్పించింది. "లేత మేకపోతుది తెమ్మన్నాను, జబ్బ ముక్కలు," అంది గర్వంగా. గోంగూర వేసి వండింది. భోజనానికి కూర్చున్నాక అమ్మ ప్రార్థనలో నా థీసిస్ వచ్చింది, సార్ ఆరోగ్యం వచ్చింది, టైపిస్టు వచ్చింది, యూనివర్సిటీ పెద్దల మనసులు మెత్తబడాలన్నది కూడా వచ్చింది. కూర చల్లారిపోతోంది. "ఆమెన్" అనగానే నేను కంచంలో చెయ్యి పెట్టేశాను.

ముంగాలి ముక్క ఒకటి పడింది నాకు. మూలుగ కోసం జుర్రుతుంటే కొసనున్న ముక్క టోపీలా ఊడి నాలుక మీదికొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు ఊడిందో, ఎన్నిసార్లు కంచం అంచున పెట్టానో. ఆ రోజు ఉమ్మబోయి ఆగిపోయాను. చేతిలో మిగిలిన ఎముక వైపు చూశాను. మేక మోచెయ్యి. టోపీ ఊడాక మొన పొట్టిగా ఉంది. ఊడినచోట గరుకుగా, అలలు అలలుగా ఉంది. ఆ గరుకుని నా వేలు గుర్తుపట్టింది. ఎన్నో నెలలుగా రోజూ తడుముతున్న గరుకే. మేక మీద కాదు, సార్ పోత మీద.

ఓరి దేవుడో అనుకున్నాను. సార్ జంతువు మొన పొట్టిది కాదు. మొన ఊడిపోయింది! మట్టిలో ఆ మెత్తటి పొర కుళ్ళిపోయి కొస విడిపోయింది. అది పెద్ద జంతువు కాదు, పిల్ల. ఆ గరుకు వాగునీళ్ళ అరుగుదల అని సార్ రాశారు. ఆయన రాశారు కాబట్టి నేనూ అదే రాశాను. పిల్ల జంతువుల ఎముకలు మేమెవ్వరం ఏనాడూ దాచలేదు, ఇక దేనితో పోల్చి చూస్తాం?

నా మొహం చూసి అమ్మ హడలిపోయింది. "ఏమైందే? ఎముక మింగావా? ఉత్త అన్నం ముద్ద మింగు, మింగవే!" అంటూ వీపు మీద చరిచింది.

"మింగలేదమ్మా. ఈ ఎముక కడిగి పెట్టు, తెనాలి తీసుకెళ్ళాలి."

"కూరలో ఎముకని కూడా వదలవా తల్లీ!" అంది అమ్మ. మిగతా అన్నం నేను ముట్టలేదు.

తెనాలి చేరాక పోతని, మేక ఎముకని దీపం కింద పక్కపక్కన పెట్టాను. సందేహమేమీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సార్‌కి చెబితే ఆయన జీవితంలో ఉన్న ఒక్క పేపరూ పోతుంది, కోపంతో సంతకం పెట్టకపోవచ్చు, పెడతానన్నా నాలుగో అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి రాయాలి, ముందేమో మార్చి. చెప్పకపోతే రేపు మౌఖిక పరీక్షలో పై నుంచొచ్చిన ఎగ్జామినరు ఆ గరుకు మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అనొచ్చు. అంటే డిగ్రీ పోయినట్టే. నిజాయితీ పొంగి పొర్లి బాపట్ల బండెక్కాననుకోకండి. దొరికిపోతానన్న భయం, సార్ ఏమంటారోనన్న భయం కన్నా వీసమెత్తు ఎక్కువైంది, అంతే.

బండి చుండూరు దాటింది, నిడుబ్రోలు దాటింది. మనసులో మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. "సార్, చిన్న సందేహమండి," అని మొదలుపెట్టాలా, "సార్, ఒక పొరపాటు జరిగిందండి," అనాలా? పొరపాటు అన్న మాట ఆయన ముందు అనగలనా? ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయన, "ఒంట్లో బాగోలేదా అమ్మా? మంచినీళ్ళిమ్మంటావా?" అని అడిగాడు.

సార్ ఆ రోజు మహా హుషారుగా ఉన్నారు. పిన్నిగారు పెసరట్లు వేశారు. సంతకం కోసం పెన్నులో సిరా పోయించి బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నారు సార్. "తే అమ్మా, ఏ పేజీలో?" అన్నారు.

"సంతకానికి ముందు ఒకటి చూపించాలండి." పోతనీ, రుమాలులోంచి తీసిన ఎముకనీ ఆయన ముందు పెట్టాను.

"ఇదేంటిది?"

"మేకదండి. లేత మేక. కూరలోదండి."

సార్ పకపకా నవ్వారు. "కొస చూడండి సార్," అన్నాను. ఆయనకి చూపు మందగించింది. కళ్ళజోడు తీసి, ఎముకని కంటికి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో ఊడినచోట తడిమారు. తర్వాత అదే వేలు పోత మీద పెట్టారు. అక్కడ వేలు ఆగిపోయింది.

"గోంగూర వాసనొస్తోంది," అన్నారు. ఎముక బల్ల మీద పెట్టేసి, "కూరలో ఎముక తెచ్చి నాకు పాఠం చెబుతావా?" అన్నారు. అంతలోనే గొంతు పెరిగింది. "ఎన్నేళ్ళ నుంచి ఉంది ఆ పేపరు! ఒక్కడు కాదన్నాడా?"

"లేదండి."

"మరి నువ్వు కాదంటావా?"

"కాదనట్లేదండి సార్. నాకు భయమేస్తోందండి," అన్నాను. కూడబలుక్కున్న మాటలన్నీ ఎటుపోయాయో, నోట్లోంచి అదొక్కటే వచ్చింది. సార్ లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. పిన్నిగారు పరిగెత్తుకొచ్చి, "ఏమన్నావమ్మా ఆయన్ని? పొద్దుట్నుంచీ నీకోసమే కాచుక్కూచున్నారు," అన్నారు. పోత అక్కడే వదిలేసి, సంతకం లేని కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ తర్వాతి రోజుల గురించి రాయాలంటే ఇప్పటికీ అరచేతుల్లో చెమట పడుతుంది. సార్ నుంచి కబురు లేదు. వెళ్ళి కాళ్ళ మీద పడదామా అనుకునేదాన్ని, వెళితే అసలు గైడుగానే ఉండనంటారేమోనని ఆగిపోయేదాన్ని. క్లాసులో కప్ప గుండె గురించి చెబుతూ మధ్యలో మర్చిపోయేదాన్ని. కాలేజీ ఆఫీసువాళ్ళు, "థీసిస్ ఇచ్చేశావా అమ్మా?" అని పలకరిస్తే, "ఇదిగోనండి, ఇచ్చేస్తున్నానండి," అని తప్పుకునేదాన్ని. చివరికి ఇంటావిడ కూడా గోడ మీద నుంచి, "ఏంటమ్మాయ్, కుండ పెట్టట్లేదీమధ్య? ఒంట్లో బాగుందా?" అంది. ఆ మాటకి ఏడుపొచ్చేసింది నాకు. ఆవిడ బెదిరిపోయి కాసిన్ని జంతికలు ఇచ్చి వెళ్ళింది.

ఒక మధ్యాహ్నం వాకిట్లో గొడుగు కనిపించింది. సార్! చేతిలో సంచి, సంచిలో పోత. నేను నమస్కారం పెట్టేలోపే, "ఆ పిల్ల ఎముకలు ఎక్కడ పారేశావు?" అన్నారు.

"పెరట్లోనండి. జామచెట్టు కింద."

"తవ్వు."

నేను తవ్వాను. ఇంటావిడ గోడకానుకుని నోరు తెరుచుకు చూస్తోంది. మట్టిలోంచి వచ్చినవి వచ్చినట్టు సార్ బొక్కెనలో కడిగారు. పంచె తడిసిపోయింది, పట్టించుకోలేదు. కుక్కపిల్లలవి, పిల్లికూనలవి, ముంగిస పిల్లది ఒకటి. ముంగాలి ఎముకలన్నీ ఏరి, బట్టలుతికే బండ మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాని మొనా తడిమారు. అన్నిటికీ ఒకటే గరుకు. చివరగా పోతని తడిమి, బండ మీద కూలబడ్డారు.

"పాలు మరిచిందో లేదో తెలియదమ్మా," అన్నారు. "దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు పరిగెత్తించాను."

నేను తువ్వాలు అందించాను. ఆయన చేతులు తుడుచుకుని, "మార్చికి ఎంతుంది?" అని అడిగారు.

ఆ అధ్యాయం మళ్ళీ రాయడానికి మేం పడ్డ తిప్పలు పగవాడికి కూడా వద్దు. మొన్నటిదాకా పారేసినవాటి కోసం ఊళ్ళన్నీ తిరిగాం. వేమూరులో చచ్చిన పిల్లికూన ఉందంటే వెళ్ళాను. టైపిస్టు విసుక్కున్నాడు, బతిమాలుకున్నాను. నేను రాసినదాంట్లో, ఇది పరిగెత్తే జంతువన్న పాత అభిప్రాయం సరికాదని ఒక వాక్యం ఉంది. సార్ పెన్సిలు తీసుకుని, "ఎవరి అభిప్రాయమో రాయకపోతే ఎలా?" అంటూ ఆ వాక్యంలో తన పేరు తనే ఇరికించారు. వద్దండి సార్ అంటే వినలేదు. గడువుకి ముందురోజు థీసిస్ ఇచ్చాం. కాలేజీవాళ్ళు, మౌఖిక పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదని నన్ను అలాగే వేలాడదీశారు.

పరీక్ష ఆ చలికాలంలో జరిగింది. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు కూడా తెలుగువారే. మంచివారే, కానీ మొహం చూస్తే వణుకొస్తుంది. నా థీసిస్ పేజీలు తిప్పుతూ తిప్పుతూ నాలుగో అధ్యాయం దగ్గర ఆగి, నా పక్కన కూర్చున్న సార్ వైపు చూశారు. "మీ పేపరే చర్చకొస్తోంది. మీరు కాసేపు బయట ఉంటే బాగుంటుందేమోనండి," అన్నారు మర్యాదగానే. సార్ లేచారు. ఎంత నెమ్మదిగా లేచారంటే, ఆయన తలుపు దాటేదాకా గదిలో ఎవరూ కదల్లేదు. ఏమీ తోచనప్పుడు చూడ్డానికి ఆయన మొహం కూడా లేకుండా పోయింది.

"సరే, పరిగెత్తే జంతువు కాదన్నావు. మరి పొంచి పట్టే జంతువా?"

కీలు గాడి చూస్తే అలాగే ఉంది. అవునండి అనేస్తే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పిల్ల ఎముక కీలు పెద్దయ్యాక ఎంత మారుతుందో నాకు తెలియదు. జామచెట్టు కింద తవ్విన కుక్కపిల్లల గాడి కూడా వెడల్పే. అవి పెద్దయితే కుక్కలే అయ్యేవి.

"తెలియదండి," అన్నాను.

"తెలియదా?"

"ఈ ఎముక దాని వయసు చెబుతుందండి, నడక చెప్పదండి."

"నీ పరిశోధనే నడక మీద కదమ్మా? ఇన్నేళ్ళు చేసి, తెలియదు అని చెప్పడానికా వచ్చావు?"

ఉద్యోగం, అమ్మ, చర్చి మెట్లు, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. "పెద్ద జంతువుల ఎముకలైతే చెప్పగలనండి. మిగతా అధ్యాయాల్లో చెప్పానండి. దీని సంగతి మాత్రం చెప్పలేనండి. ఇది పెద్దయ్యేదాకా బతకలేదండి," అన్నాను.

ఆయన పక్కనున్నవాళ్ళతో ఏదో మాట్లాడారు, కాగితం మీద ఏదో రాశారు. అంతా కలిపి ఎంతసేపయిందో తెలియదు. చివరికి లేచి నిలబడి, నన్ను డాక్టర్ అని సంబోధించి చెయ్యి కలిపారు. నాకు సగం వినపడలేదు. "థాంక్సండి, థాంక్సండి," అంటూనే తలుపు వైపు పరిగెత్తాను.

సార్ వరండాలో బెంచీ మీద ఒక్కరే కూర్చున్నారు. నేను "సార్" అన్నాను. ఆయన తలెత్తలేదు. ఏమైందని కూడా అడగలేదు.

"ఆ రోజు వాగు గట్టులో, ఆ ఎముక పక్కనే చిన్న ముక్కొకటి ఉండేదమ్మా," అన్నారు. "గుండ్రంగా, ఇంతే ఉంది. గులకరాయనుకున్నాను. నా చేత్తోనే నీళ్ళలోకి విసిరేశాను."

ఆయన చెయ్యి ఇంకా అలాగే, చిన్న ముక్కని పట్టుకున్నట్టు, వేళ్ళు దగ్గరగా ఉంది. నేను పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. డిగ్రీ వచ్చిందని ఆయనకి ఇంకా చెప్పనే లేదు.